ముప్పై మిల్లీలీటర్లు

రోజుకు పన్నెండొందల లీటర్ల పాలు
నా చేతిమీదగా పోతాయి.
ఐరాల దారిలో మా పాలకేంద్రం.
క్యాను మూత తీస్తే చాలు
ఎవరి ఆవు ఏం మేసిందో, ఎవరింట్లో నీళ్లు కలిసినాయో
వాసనతోనే చెప్పేస్తా.

ముప్పై మిల్లీలీటర్లు
నా బిడ్డ కడుపులోకి పంపలేక
ఆ పొద్దు ఏడ్చినా.

నోట్లో పోసింది ముక్కులోంచి వస్తా ఉంది.
పై పెదవి నడిమధ్య గడియ లేని వాకిలి,
దాని వెనక అంగిట్లో కప్పు లేదు.

ఊరు ముందే ఒక పేరు సిద్ధం చేసుకోనుండింది:
గ్రహణం మొర్రి.
పేరులోనే నేరం, పేరులోనే నేరస్తురాలు.
“ఆ రాత్రి బయటికి రావద్దంటే విన్నిందా?”
అనింది మా అమ్మ.

విన్నింది.
పిలిచింది నేను.
కరెంటు పోయి, జనరేటరు మొరాయించి
నాలుగొందల లీటర్లు విరిగిపోతాయని
రెడ్డిరాణిని బ్యాటరీ లైటు పట్టుకోమన్నా.
పైన ఏం జరిగిందో ఇద్దరం తలెత్తి చూడలేదు.
ఆ ఒక్క మాట మా అమ్మకు చెప్పను
నాకు నలభై దినాలు పట్టింది.

తిరపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ వేళ్లు మడిచి లెక్క చెప్పింది:
పెదవి అతుక్కునేది ఏడెనిమిది వారాల్లోపల.
మీ గ్రహణం ఎన్నో నెల?
ఆరో నెల.
రెడ్డిరాణి ఏమీ అనలేదు.
కొంగుతో బిడ్డ ముక్కు తుడిచింది,
అదే కొంగుతో తన ముక్కు.

అయిదు కేజీలు రావాల, ఆ తర్వాతే ఆపరేషన్.
నిటారుగా ఎత్తుకోని, ఉగ్గుగిన్నె వాల్చి
ఒక చుక్క, ఆగు.
ఒక చుక్క, ఆగు.
ఒక పూట పాలు ముగిసేసరికి ఇంకో పూట ఏడుపు.
ఆదివారం ఆదివారం పాలకాటా మీద పడుకోబెట్టి
దుప్పటి బరువు తీసేసి రాసుకునేవాణ్ణి,
పాలు పోసినోళ్ల పద్దు పుస్తకంలోనే, చివరి పేజీలో.
మూడూ ఎనిమిదొందలు.
మూడూ తొమ్మిదొందల యాభై.
ఒక వారం తగ్గింది.
ఆ పొద్దు గంగులప్ప
తన పాల డబ్బులు అడక్కుండానే పోయినాడు.

పాకాలలో తెల్లారుజాము రైలు.
“కొండకా?” అనింది ఎదురుసీటు ముసలామె.
రెడ్డిరాణి బిడ్డ ముఖం మీది గుడ్డ తీసింది,
అంతమంది మధ్య, మొదటిసారి.
“పెదవి కుట్టించను.”
ఆమె చూపు తిప్పుకోలేదు.
“పేరేమి?”
“ప్రసూన.”
చంద్రగిరి దాటేదాకా
ఆమె చూపుడువేలు ప్రసూన పిడికిట్లోనే ఉండింది.

తర్వాత సన్న కుట్లు,
చెయ్యి నోటికి పోకుండా మోచేతులకు అట్టలు.
చక్కగా వచ్చిందన్నారు అందరూ.
మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.
నాకు మాత్రం ఆ పాత నవ్వు కావాలనిపించింది.
సగం ముఖం తెరుచుకోని
లోపలి ఎరుపంతా చూపించే నవ్వు.
నాలుగు నెలలు నన్ను చూసి నవ్విన నోరు,
దాన్ని మూయించే కాగితం మీద సంతకం నాదే.
ఎవరికి చెప్పుకోవాల ఈ మాట?
రెడ్డిరాణికి చెబితే
ఫోన్లోని పాత ఫోటో తీసి చూపించింది.
తనూ చెరపలేదు.

ఇంక అంగిలి మిగిలుండాది.
అదయ్యేదాకా గాలి ముక్కుదారిన పోతుందంట.
ప రాదు. బ రాదు.
బువ్వంటే మువ్వ.
కేంద్రం మెట్ల మీద కూర్చోని
నన్ను చూసి “అబ్బా” అనబోతుంది,
“అమ్మా” అని వస్తుంది.
లోపల్నుంచి రెడ్డిరాణి పలుకుతుంది.
“నిన్ను కాదులే” అంటా.

వచ్చే నెల మళ్లీ అదే రైలు.
ఆ కుట్లు మానితే, నేర్పిస్తే
మెల్లగా పిలుపు సరవుతుందంట.

సాయంత్రం క్యాన్లు దించే గోలలో
మళ్లీ వినిపిస్తుంది, “అమ్మా.”

ఊ, అంటా.