శుక్రవారం పులుసు

నూకరాజు శాపను పట్టుకుంటె
వైద్యుడు నాడి పట్టినట్టే ఉంటది.
మొప్ప ఎత్తి చూస్తడు, ఎర్రగుంది.
పొట్ట నొక్కుతడు, గట్టిగుంది.
"ఉప్పాడలో మా అమ్మమ్మ కూడా
దీనికి వంక పెట్టలేదురా" అంటడు.

సిత్రా క్యాంపుల పదకొండు మందిమి, ఒక్కటే స్టవ్వు.
మార్కెట్ల హమూర్ ధర అడిగి
చేతులు జేబుల పెట్టుకొని మర్రి వచ్చెటోళ్లం.
నూకరాజు గాలం ఏసినంక
శుక్రవారం శుక్రవారం కొయ్యింగలు.
అరబ్బులు మీద్ అంటరట.
మా మెట్‌పల్లోళ్లకు అన్నీ శాపలే.

"యాడ పడ్తున్నయే గిన్ని?"
"కట్ట అవతల, పెద్ద పైపు నోటి కాడ.
అక్కడైతే నీళ్లు వెచ్చగుంటాయి,
పిలిచినట్టే వచ్చేత్తాయి."

ఆ పైపు నాకు ఎరుక.
నేను తోలేది పసుపుపచ్చ ట్యాంకరు.
క్యాంపుల లెట్రిన్ నీళ్లు, గ్యారేజీల నల్లనూనె,
పేరు తెల్వని డ్రమ్ముల అడుగు మడ్డి.
ప్లాంటు కాడ లైను పొడుగుంటే
ఫోర్‌మన్ ఖల్లి వల్లి అంటడు.
రాత్రి రెండింటికి లైట్లు బంద్ చేసి
వాల్వు ఇప్పేది నేనే.

అక్కడ ఓ బోర్డుంది:
శాప బొమ్మ, దాని మీద అడ్డగీత.
"పట్టొద్దని గాదు, మనం పట్టొద్దని"
అన్నడు లింబాద్రి.
అందరం నవ్వినం. నేను సుత.

ఏడు శుక్రవారాలు తిన్న.
చింతపండు ఎక్కువ పిసుకుమన్న,
మెంతులు ఇంకిన్ని ఎయ్యిమన్న.
నాలిక మీద కిరసనాయిలు తగిలితె
స్టవ్వు వాసన అన్న.
మాది గ్యాసు స్టవ్వు.

నిన్న లింబాద్రి ఫోన్ల వాళ్లవ్వతోని చెప్తుండు:
"మంచిగనే తింటున్ననే,
సముద్రం శాప, ఫిరీ."
వానికి ఇంకా మొదటి జీతం రాలే.
తలకాయ ముక్క ఎప్పుడూ వాని కంచంలకే,
"ఎదిగే కుర్రోడు" అంటడు నూకరాజు.

పేపర్లు పరిచినం. ఆవిరి లేస్తుంది.
మొప్ప ఎర్రగనే ఉండె, కన్ను తేటగనే ఉండె.
ఉప్పాడ అమ్మమ్మ నేర్పిన పరీక్షలల్ల
నా ట్యాంకరు లేదు.
చెప్తె నౌకరి పోతది.
అంతకన్నా ముందు
నూకరాజు మొఖం మీది ఆ వెలుగు పోతది.

లింబాద్రి తలకాయ విరిచి
ఉఫ్ ఉఫ్ అని ఊదుతుండు.

"ఆగుండ్రి" అన్న.
పది చేతులు ఆగినయి.
ఆ తర్వాతి మాట గొంతుల్నే నిలవడ్డది.

"ముల్లు గుచ్చుకుందా?"
నూకరాజు గబగబ ఒట్టి అన్నం ముద్ద చుట్టి
నా నోటి కాడికి తెచ్చిండు.
"నమలకుండా మింగెయ్,
దిగిపోద్ది."