తాళాలతో పాటు

ఇవిగో తాళాలు, తౌత్విదాస్.
హీటరు మొండిది. ఒక్కటిచ్చుకుంటే దారికొస్తుంది.
ఇది కాగితం.
కౌనాస్ నుంచి బుర్గోస్ దాకా
ఇరవై రెండేళ్లు నేను తిన్నదంతా ఇందులో ఉంది.
మరకలు తుడవకు,
కొన్నిచోట్ల అక్షరాలు పోయి అవే మిగిలాయి.

బోర్డు చూసి ఆగకు, బయట నిలబడ్డ బళ్లు చూసి ఆగు.
అద్దాలనిండా చచ్చిన పురుగులు,
నాలుగు దేశాల నెంబరు ప్లేట్లు ఒకే వరుసలో ఉంటే
కళ్లు మూసుకుని దిగు.
మెనూలో రంగుల ఫోటోలు కనబడితే మాత్రం
డీజిలు కొట్టించుకుని బయటపడు.
ఆకలి రుచెరగదన్నవాడెవడో గాని
వాడు లారీ తోలినవాడు కాడు.

వోవిచ్ దాటాక బొగుమీవా కొట్టు.
పులిసిన పిండితో చారు, అందులో సగం గుడ్డు.
సగమే ఎందుకని అడిగాను మొదటిసారి.
"మిగతా సగం తిరిగొచ్చేటప్పుడు" అంది.
తిరిగొచ్చాను.
పెట్టింది.

జర్మనీలో ఎక్కువ ఆశ పెట్టుకోకు.
స్నానాల గదికి చిల్లర దగ్గరుంచుకో,
నీళ్లు ఎనిమిది నిమిషాలకి టక్కున ఆగిపోతాయి,
తలకి సబ్బు ముందు రాసుకున్నావో, నీ ఖర్మ.
హానోవర్ అవతల, పార్కింగు చివర,
పాత బండిలో హైకో సాసేజీలు కాలుస్తాడు.
పదకొండేళ్లలో వాడు నాతో అన్నది ఒకే మాట:
"ఆవముద్ద?"
మొన్న, ఇదే ఆఖరుసారన్నాను.
తలెత్తలేదు.
రెండు చెంచాలు ఎక్కువేశాడు, కళ్లమ్మట నీళ్లొచ్చేలా.

ఫ్రాన్సులో పన్నెండుకల్లా చేరిపో.
పన్నెండున్నరైతే కుర్చీ లేదు.
అంగులేమ్ దిగువన గిస్లేన్ దగ్గర
ఎవరి బల్ల వారికని ఉండదు,
ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూలబడాల్సిందే.
ఒకనాడు నా పక్కన రొమేనియావాడు, ఎదురుగా మొరాకోవాడు.
ముగ్గురికీ కలిపి ఒక్క భాష లేదు.
రొట్టెల బుట్ట చేతులు మారింది.
రొమేనియావాడు ఫోనులో పసిగుడ్డుని చూపించాడు,
మూడ్రోజుల పిల్ల, వాడింకా ఎత్తుకోలేదు.
మొరాకోవాడు తన జున్నుముక్క తీసి
వాడి పళ్లెంలో పెట్టాడు.
జున్ను మరీ అంత గొప్పదేం కాదు.

బండిలో యంత్రం ఉందే, దానికి ఇవేవీ పట్టవు.
నాలుగున్నర గంటల తోలుడు,
నలభై ఐదు నిమిషాల ఆగుడు,
నిమిషం తగ్గితే కాగితం కక్కి నిన్ను పట్టిస్తుంది.
నువ్వు తింటున్నావో ఏడుస్తున్నావో
దానికి రెండూ విశ్రాంతే.

ఇక చివరిది. ఇది కాగితంలో లేదు.
బుర్గోస్‌కి ఇవతల కొండ మలుపులో
కాసిల్దా.
మంగళవారమైతే శనగల కూర, ఇంకేం అడక్కు.
గోడకి మేకులు, మేకులకి కప్పులు.
అంచు పెచ్చూడిన నీలం కప్పు నాది.
ఆమెకి నా పేరు తెలీదు,
నేను "చేపల బండి"ని.
ఎర్రబండి మలుపు తిరగ్గానే కప్పు దింపుతుంది.

బండి ఆగుతుంది.
నువ్వు దిగుతావు.

అక్కడేం చెప్పాలో మూణ్ణెల్లుగా ఆలోచిస్తున్నాను.
రూటు మార్చారని చెప్పు.
వద్దు, మొగుడూ లారీయే తోలేవాడు, పట్టేస్తుంది.
కళ్లు పోతున్నాయని డాక్టరు రాసిచ్చాడని...
అదసలే వద్దు.
ఏమీ చెప్పకు. వెళ్లి కూర్చో.
కప్పు తిరిగి మేకుకి తగిలించిందంటే
గాజుగ్లాసు అడిగి తాగు.
అలా కాక నీ ముందే పెట్టిందంటే,
పిడి కుడిచేత్తో పట్టుకోకు తౌత్విదాస్,
ఎడమచేత్తో పట్టుకో.
ఆ పెచ్చు పెదవి కోస్తుంది.