పొట్టంగి మలుపు

వేలంలో కొన్న పాత బస్సు.
ముకుందం బావ రాయగడ షెడ్డులో
మూడు నెలలు కూర్చుని సీట్లు పీకాడు.
వెనక మంచాలు, నడుమ స్టవ్వు,
కిటికీలకి అత్త పాత చీరలు.
దసరా సెలవులకి ఇదే ఇల్లన్నాడు.

తాత మాత్రం మూడో నంబరు సీటు పీకనివ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరు మరి.
ఘాటెక్కుతుంటే మమ్మల్ని లెక్కపెడతాడు,
టీకి దిగితే లెక్కపెడతాడు,
పడుకున్నాక దుప్పట్ల మీంచి తలకాయలు.
"ఎనిమిదే వస్తన్నారేటి?"
"నిన్ను నువ్వు ఒగ్గేస్తన్నావు మావా,"
అంటుంది అత్త, మలుపులో
పప్పుగిన్నె మూత అదిమిపట్టి.

పొట్టంగి దాటాక, మంచులో,
ఒకామె చెయ్యెత్తింది.
ఇది ఆ బస్సు కాదని బావకి తెలుసు.
తాత ఈల వేశాడు.
బావ కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

అల్లం గంప, రెండు కోళ్లు, ఆమె.
కుందులి సంతకి, అంది దేశియా మాటలో.
మంచాలు చూసింది, స్టవ్వు చూసింది,
నా తడి లంగా ఆరేసిన తాడు చూసింది.
ఏమీ అడగలేదు.
పిన్ని మంచం మీద కాస్త జరిగింది.
కోళ్లు జరగలేదు.

దిగుతూ పది రూపాయల నోటు చాపింది.
వద్దంటే వినదే!
తాత చొక్కా జేబులు తడిమి తడిమి
బిస్కెట్టు కాగితం చింపి
గోరుతో చిల్లు పెట్టి ఇచ్చాడు.
కొప్పులో దోపుకుని, గంపెత్తుకుని
వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సెమిలిగుడ రాకముందే
పిన్ని దుప్పటి దులపబోయి ఆగింది.
ఇంకా వెచ్చగానే ఉంది గుడ్డు.

"దీనికి టికెట్టు కొట్టలేదే,"
అని తాత
పైకడ్డీ పట్టుకుని లేచాడు.