ఎడమ దిక్కు

మర్రిగూడ బోరునీళ్లు
నా పండ్లకు తుప్పురంగేసినయి.
ముప్పైయేండ్లు
ఫొటోలల్ల నోరు మూసుకునే ఉన్న.

నల్లగొండ క్లాక్ టవర్ అవుతల పండ్ల దవఖాన.
పీకిన్రు, మరలు బిగించిన్రు,
సున్నమేసిన గోడలెక్క తెల్లగ, వరుసగ.
నరానికి తగిలితే మొద్దుబారొచ్చు —
ఆ ముక్క మూడో కాయితంల ఉన్నదట.
నేను గోడకున్న నవ్వుల పటం చూసుకుంట
సంతకం పెట్టిన.

ఇప్పుడు కింది పెదవి సగం నాది కాదు.
చాయ్ కారి చీరె మీద పడ్డంక తెలుస్తది.
మెతుకు అంటుకుంటే
అండాలు తన గదుమ తుడుచుకుంటది,
అది నాకు సైగ.

నవ్వుతున్న, బాగనే నవ్వుతున్న.
ఎంత నవ్విన్నో పెదవి చెప్పదు,
ఎదుటోళ్ల మొఖంల చదువుకోవాలె.

నల్లాల ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి.
సల్లగున్నయి,
ఎడమ దిక్కు.