లేబుల్ లేని సీసా

డాంకాస్టర్‌లో మా అలాట్‌మెంట్, పద్నాలుగో మడి.
పక్క మడి విల్ఫ్రెడ్
రూబార్బ్ ఆకులు మరగబెట్టి
నిమ్మసోడా సీసాలో పోసుకొస్తాడు, పేనుబంకకి.
"ఆకు రసమేగా" అంటాడు.
నా కలుపుమందు డబ్బా మీద చీమతలకాయంత అక్షరాలు:
చేతికి తొడుగులు, కప్పలకుంటకి దూరం,
గాలి వీస్తుంటే కొట్టొద్దు.

చదివాను.
గాలిలోనే కొట్టాను.
గురువారానికి అతని చిక్కుడాకులు
ముసలి చెవుల్లా ముడుచుకున్నాయి.
ఏమీ అనలేదు. టోపీ సర్దుకున్నాడు.

ఆదివారం అతని మనవరాలు ఎడిత్
షెడ్డులో ఆ సీసా మూత తిప్పుతోంది.
లాక్కున్నాను.
లాగిన ఊపుకి నా మణికట్టు మీద ఒలికింది
లేతపచ్చగా, పుదీనా నీళ్ళంత అమాయకంగా.

ఇన్నాళ్ళూ ఇద్దరం
విషాన్ని నీదే ఊరు అనే అడిగాం.
ఎంత, ఎవరి నోటికి, అని అడగలేదు.

విల్ఫ్రెడ్ పెన్సిల్ కోసం జేబులన్నీ తడిమాడు.
పాత విత్తనాల కవరు చించి
"తాగొద్దు" అని రాసి
సీసా మెడకి పురికొసతో కట్టాడు.
ముడి రెండుసార్లు వేశాడు, చేతులు వణికి.

ఇప్పుడు పక్కపక్కనే మోకాళ్ళ మీద
బైండ్‌వీడ్ వేరు వెంట వేళ్ళతో తవ్వుతున్నాం.
తెల్లగా, సేమ్యాలా, వస్తూనే ఉంటుంది,
టప్పున తెగుతుంది.

"మిగిలిందా?"
"మిగిలింది."