ఎక్కడ తేలుతుందో

ల్యుబ్ల్యానా ఆసుపత్రి, మూడో అంతస్తు.
నర్సు స్లావ్కా సిరంజి ఎత్తి గాలి తీసేస్తోంది.
లోపల నారింజరంగు ద్రవం.
నవ్వొచ్చింది నాకు.
పాత నేస్తమా, నువ్వా!

ముప్ఫై ఏళ్లు దీన్ని డబ్బాల్లో మోశాను.
సున్నపురాతి నేల మాది. నీరు నిలవదు.
ఏరు పొలం మధ్యదాకా నడిచొచ్చి
ఉన్నట్టుండి నేల నోట్లోకి దూకేస్తుంది.
మళ్లీ ఎక్కడ తేలుతుందో దేవుడికెరుక,
ఆ తర్వాత నాకెరుక.
ఆ నోట్లో ఎర్రపొడి గుమ్మరించి
పదహారు ఊటల దగ్గర సీసాలు పెట్టుకుని
ఏది ముందు పచ్చబడుతుందా అని
చలిలో కాపలా కాసేవాణ్ణి.

"కాస్త వికారంగా ఉంటుంది, ఒళ్లు పసుపెక్కుతుంది" అంది స్లావ్కా.
"ఎంతసేపట్లో చేరుతుంది?"
"అరనిమిషం."
మా కొండకింద అయితే పదకొండు రోజులు.

ముందు మామూలు దీపం.
పెద్దపేగు గోడ గులాబీరంగు,
కడిగి బోర్లించిన పళ్లెంలా నున్నగా.
"చూశారా, తగ్గిపోయింది. ఇక మాత్రలు మానేస్తా"
మత్తునాలుకతో అన్నాను.
డాక్టర్ నేజా పలకలేదు.
దీపం మార్చింది. నీలం.

బావులు.
వరసలు వరసలుగా చిన్న చిన్న బావులు,
ఒరలు దించినట్టు గుండ్రంగా,
చుట్టూ పచ్చటి వెలుగు.
ఎంత బాగుందో! నా లోపల ఇంత ఊరుందా!
గొట్టం ఒక మలుపు తిరిగింది.
వరస చెదిరింది.
రెండు బావులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూలాయి.
గోడల్లో ఉండాల్సిన పచ్చ
బావి నడుమ నిలబడి ఉంది.

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు.
ఇక్కడ చించకుండానే
తెరమీద పడింది.

టోంచ్కా గుర్తొచ్చింది.
తన బావి నీళ్లు కంపు కొడుతున్నాయని
నాలుగేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి.
ఒకసారి వెళ్లి, గ్లాసు కిటికీ వెలుతురుకెత్తి చూసి
"తేటగానే ఉన్నాయమ్మా" అని వచ్చేశాను.
మరుసటి ఏడు తోళ్ల ఫ్యాక్టరీ గుంటలో రంగు పోస్తే
పదకొండో రోజు ఆమె బకెట్ లోనే తేలింది.
అరవలేదు, తిట్టలేదు.
ఆ పచ్చనీళ్లే ఒక గ్లాసు వంచి
బల్లమీద నా ముందు పెట్టి
"తాగు" అంది.

రాత్రుళ్లు ఎడమపక్క మెలిపెట్టే నొప్పిని
ఏడాదిగా నేనూ అలాగే
వెలుతురుకెత్తి చూస్తున్నాను.
తేటగానే ఉంది, అనుకుంటున్నాను.

డాక్టర్ తెర నా వైపు తిప్పింది.
వేలితో ఆ చోటు చూపించింది, అంతే.
మాత్రల చీటీ
నేనే అడిగి తీసుకున్నాను.

సాయంత్రం ఆసుపత్రి దొడ్లో
నానుంచి పచ్చటి వెలుగు ధార కట్టింది.
మీట నొక్కాను.
సుళ్లు తిరిగి, గొంతులో గురక పెట్టి,
చీకట్లోకి దూకింది.
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది,
పెన్సిలు కోసం.
ఐదూ నలభై రెండు.
రాసుకున్నాను.