పెద్ద బేస్తవారం

మేత్రాణులొస్తుండ్రంటే అప్పట్ల
హుజూర్‌నగర్ తోవ మలుపు కాడ్నే బ్యాండు నిలబడేది.
గొడుగు పట్టేటోల్లు పెద్దిండ్లోల్లు,
తోరణాలకు ఆకు తెంపేటోల్లం మేము.
ఈయన జీపు దిగి, గొడుగు మడిచి చంకల పెట్టుకొని
దుమ్ముల నడిచొచ్చిండు.

ఇన్నాసయ్య ఆయన పేరు. మర్రిగూడ దిక్కోడు.
నవ్వితే పండ్ల మీద పసుపు చారలు,
మా అవ్వ పుట్టినూరి బాయినీళ్ల గీతలే.
"ఓరి, మనోడే" అన్నది అవ్వ.
ఏ వాడోడని కాదు,
ఆ నీళ్లు తాగినోడని.

గుడి నడుమ అప్పుడు కటకటాలు.
ముందటి బల్లలు వాళ్లయి, వెనక బండలు మావి.
సత్ప్రసాదం మాదాక వచ్చేసరికి
గురువులకు చెయ్యి నొచ్చేది,
నాలుకకు తాకకుంట జారిడిచేటోడు.
దేవుడంటే
ఎత్తు మీదికెల్లి పడుడే మాకెరుక.

ఆ ఏడు కరువు. కాలువ ఎండింది.
ఉపదేశి శౌరన్న రెండు మైళ్లు పోయి
బిందెడు నీళ్లు మోసుకొచ్చిండు.
పన్నెండు కుర్చీలేసి
"ఒకరిడిచి ఒకరు కూసోండ్రి" అన్నడు మేత్రాణులు.

జోజిరెడ్డి లేచిండు, కండువ దులుపుకున్నడు.
ఎనక ఐదుగురు.
వాకిట్ల చెప్పులు తొడుక్కున్న చప్పుడు
పీఠం దాక వినొచ్చింది.
ఆ చెప్పులు మా నాయిన కుట్టినయే.

ఆరుగురం మిగిలినం.
ఆయన తలెత్తలే. కడిగిండు, తుడిసిండు,
ఒక్కొక్క పాదం ముద్దు పెట్టుకున్నడు.
అయిపోయిందనుకున్నం.
మళ్ల మొదటికొచ్చి నా ముందల వంగిండు,
మోకాళ్లు పటపటమన్నయి.
"పన్నెండు గావాలె గదా" అన్నడు మెల్లగ.
రెండోసారి కడుగుతుంటే
చక్కిలిగింతయి నవ్విన.
ఆయన గూడ నవ్విండు, ఆ పండ్లతోనే.

పాస్క ఆదివారం గుడికి తాళం.
రోముకు ఉత్తరాలు పోయినయట, టైపు కొట్టించి.
ఏం రాసిండ్రో మాకెవరు చదివి చెప్తరు?
కటకటాలు మాత్రం పీకించి
బడి కిటికీలకు పెట్టించిండు.
ఇంక ఉన్నయవి, తుప్పు పట్టి.

ఆయన పోయిన్నాడు బస్సెక్కి నల్లగొండ పోయిన.
మైకుల జోజిరెడ్డి కొడుకు పొగిడిండు, ఏడ్చిండు గూడ.
ఆ ఏడుపు అబద్ధమనను.

ఇప్పుడు ఏటా పన్నెండు నిండుతయి.
ఆరుగురు ఒక బల్ల మీద, ఆరుగురు ఇంకో బల్ల మీద.
పెద్దమనిషినని నన్నూ పిలుస్తరు. పోను.
నావి రెండుసార్లు కడిగిన కాళ్లు.
రెండోది జోజిరెడ్డి వంతు.
ఆ ఇంటోల్లెవరన్న వచ్చి అడిగితే
ఇయ్యాలె.